వంకర కుచ్చుల చీర

పట్టుదారానికి వేడి ఆవిరి తగిలితే ఒక వాసన వస్తుంది. తలంటుకున్న జుట్టు ఇంకా ఆరకముందు వచ్చే వాసనకు కాస్త గంజి వాసన కలిసినట్టుంటుంది. చీర కొంగుకు కుచ్చులు కట్టడం పూర్తయ్యాక వాటిని మరిగే నీళ్ళ గిన్నె మీద పట్టుకోవాలి. దారాల్లో మెలికలు పోయి, కుచ్చు నిటారుగా జారుతుంది. బెంగళూరు శివారు హెబ్బగోడిలోని మా రెండు గదుల ఇంట్లో పొద్దున టీ గిన్నె దించగానే అదే పొయ్యి మీద ఈ నీళ్ళ గిన్నె ఎక్కుతుంది. నిన్న అలా ఆవిరి పడుతూ ఉంటే బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఒకావిడ చెల్లెలి పెళ్ళి చీరలు తీసుకుని వచ్చింది. లోపలి గదిలో తాడు మీద గాలికి ఆరేసిన పాత చిలకపచ్చ పట్టుచీర ఆమె కంట పడింది. దగ్గరికి వెళ్ళి కొంగు పట్టుకుని చూసింది. "ఇది కూడా మీ వర్కేనా? టాసిల్స్ అన్నీ అన్‌ఈవెన్‌గా ఉన్నాయే. మధ్యలో ఒకటి మిస్సింగ్ కూడా. ఫిక్స్ చేస్తే చీర ఎంత బాగుంటుందో" అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ చీర కుచ్చుల్లో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఒకదాని మెడ బిగుసుకుపోయి ఉంటే పక్కదాని మెడ వదులై వేలాడుతుంది. మధ్యలో ఒక కుచ్చు ఉండాల్సిన చోట ఖాళీ. లోపల కూర తరుగుతున్న నా భార్య భారతి నవ్వు వినిపించింది. "అది అమ్మేది కాదండీ. సరిచేసేది అంతకన్నా కాదు" అన్నాను. ఎందుకో చెబుదామనుకున్నాను గానీ ఆమె క్యాబ్ బయట ఆగి ఉంది, ఆమెకు తీరిక లేదు. చెప్పకుండా మింగిన మాట నాకు అరగదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ చీర నంజమ్మత్తది. నలభై ఒకటో ఏట నా చేతికి సూది ఇచ్చిన మనిషి. ఇచ్చిన తర్వాత, ఆ సూది ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా నేర్పిన మనిషి. మొదటిది మూడు నెలల్లో వచ్చింది. రెండోది ఇప్పటికీ పూర్తిగా వచ్చిందని చెప్పలేను.

నాలుగేళ్ళ కిందట ఒక వానాకాలం ఉదయం భారతి నీళ్ళ బిందె ఎత్తబోయి ఎత్తలేకపోయింది. సాయంత్రానికి కాళ్ళు నిలవలేదు. మూడో రోజుకు ఆసుపత్రిలో ఊపిరి తీసుకోవడానికి కూడా మిషను పెట్టారు. ఒంట్లో ఉండే కాపలా బలమే తిరగబడి నరాలను కొట్టిందని డాక్టరమ్మ చెప్పింది. పోయిన శక్తి తిరిగి వస్తుందని, కానీ నిదానంగా వస్తుందని, ముందు భుజాలు, తర్వాత మోచేతులు, అన్నిటికన్నా చివర వేళ్ళ కొసలకు వస్తుందని అంది. నెలన్నర తర్వాత భారతిని ఇంటికి తెచ్చుకున్నాను. నేను అప్పటికి పదకొండేళ్ళుగా ఒక కంపెనీలో మిషను ఆపరేటర్ని. కాంట్రాక్టు ఉద్యోగం. సెలవు సాగేసరికి నా మిషను దగ్గర ఇంకొకరిని నిలబెట్టారు. మంచం మీద భారతి, ఎనిమిదో తరగతి చదివే కూతురు శ్రావణి, ఏ పనీ లేని నేను. ఇదీ అప్పటి మా ఇల్లు.

రాయచోటి నుంచి మా అన్న వచ్చాడు. మనసులో ఏమీ ఉంచుకోని మనిషి, మాట మాత్రం ముల్లుగర్ర. "రమణా, ఆయమ్మను వాళ్ళమ్మ కాడ దిగబెట్టు. పాపను హాస్టల్లో ఎయ్యి. నువ్వు ఇంకో కంపెనీ చూసుకో. బాగైనాక మళ్ళా తెచ్చుకుందువు" అన్నాడు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు భారతి నన్ను కళ్ళతో పిలిచింది. అప్పటికి గొంతు కూడా సగమే పలికేది. "నన్ను పంపొద్దు. ఆడికి పోతే మా యమ్మ నన్ను చంటిపిల్ల మాదిరి చూసుకుంటాది. నేను మంచంలోనే ఉండిపోతా. ఇల్లు మూడు ముక్కలైతే మళ్ళా అతుక్కోదు" అంది. అన్న తల తుడుచుకుంటూ వచ్చేసరికి నేను నిర్ణయం చేసుకున్నాను. ఎవరూ ఎక్కడికీ పోరని చెప్పాను. ఎలా బతుకుతామో మాత్రం చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు.

జబ్బు పడకముందు భారతి ఇంట్లో కూర్చుని చీరలకు కుచ్చులు కట్టేది. నగర్తపేటలో నంజమ్మ అనే ఆమె దుకాణాల నుంచి చీరలు తెచ్చి, ఇరవై మంది ఆడవాళ్ళకు పంచి, కట్టినవి చూసి తీసుకునేది. భారతి పెట్టెలో ఇంకా కట్టని చీరలు ఏడు మిగిలిపోయాయి. అవి తిరిగి ఇచ్చేద్దామని ఒక రోజు పక్కింటామెను భారతి దగ్గర కూర్చోబెట్టి బస్సెక్కాను. పూసలు, లేసులు అమ్మే దుకాణం పక్కన సందులాంటి మెట్లు. పట్టుకోవడానికి గోడకు ఒక తాడు కట్టి ఉంది. పైన చిన్న గది, కిటికీ కింద చాప, చాప మీద డెబ్బైకి దగ్గర పడిన మనిషి. ముక్కుకు రెండు పక్కలా పుడకలు, కళ్ళద్దాలకు నల్లదారం. వాళ్ళది తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగు నేతగాళ్ళ ఇల్లు. ఆమె తెలుగు మా తెలుగుకు చుట్టమే, కాకపోతే మధ్యలో కన్నడం వచ్చి కూర్చుంటుంది.

"చీరలు వాపస్ తెస్తివా?" అంది నా చేతిలోని మూట చూసి.

"అవునత్తా. భారతికి చేతులు పనిచెయ్యడం లేదు. ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఆ యమ్మ పాలుకు వచ్చిన చీరలు ఇంకొకరికి ఇస్తే, రేపు ఆ యమ్మ లేచి వచ్చినప్పుడు యాడ ఉండాది జాగా? ఇచ్చేది లేదు."

"మరి కట్టేదెవరు?"

"నీ చేతులు చూపించప్పా."

చాచాను. ఎడమ అరచేతిలో ఇనుప రజను కోసిన పాత గీత ఉంది. ఆమె దాని మీద వేలితో రాసి చూసింది. "ఇనుము పట్టిన చెయ్యి. దారం ఏమన్నా కరుస్తాదా? కూచో" అంది. నేను నిలబడే ఉండడం చూసి, "అత్తా అని పిలిస్తివి. సరే. అల్లుడి మర్యాదలు మాత్రం అడగొద్దు, నా దగ్గర లేవు" అంది. కూర్చున్నాను. ఆ రోజు కూర్చోకపోయి ఉంటే ఈపాటికి మా ఇల్లు ఏమై ఉండేదో ఆలోచించడానికి కూడా నాకు ఇష్టం లేదు.

కుచ్చు కట్టడం చూడడానికి తేలిక. దారపు పోగులు సమంగా కొలిచి, కొంగు అంచులోంచి సూదితో లాగి, మడిచి, మెడ దగ్గర జరీదారంతో చుట్టి, ముడి వేసి, కింద సమంగా కత్తిరించాలి. అంతే. ఆ 'అంతే'లోకి వెళ్ళడానికి నాకు చచ్చినంత పనైంది. బిగిస్తే దారం తెగేది, వదిలితే జారేది. ఇనుము ఎంత బలం పెడితే అంత మాట వింటుంది, పట్టు అలా కాదు. నంజమ్మత్త తిట్టేది కాదు. పాడైన కుచ్చును నా ముందు పెట్టి, "ఇది ఎందుకు ఇట్ల అయింది, నువ్వే చెప్పు" అనేది. చెప్పేదాకా ఇంకొకటి మొదలుపెట్టనిచ్చేది కాదు. ఒక్కో రోజు ఒక్క కుచ్చు ముందు గంటసేపు తల వంచుకుని కూర్చునేవాణ్ణి.

మూడో వారంలో మొదటి చీర పూర్తిచేసి గర్వంగా తీసుకెళ్ళాను. ముడులన్నీ గుండ్రంగా, మెడలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. ఆమె విప్పి చూసి కళ్ళద్దాలు తీసేసింది. కుచ్చుల మంచి ముఖమంతా చీర వెనక వైపు ఉంది. ఫ్యాక్టరీలో పాలిష్ అయిన ఇనుప ముఖానికి గీత పడకూడదని గుడ్డ మీద బోర్లా పెట్టి పనిచేస్తాం. పదకొండేళ్ళ అలవాటు. చీరనూ అలాగే బోర్లా పరిచి కట్టాను. చీర కట్టే ఏ ఆడమనిషీ కలలో కూడా చెయ్యని తప్పు అది.

"లేచి నిలబడు" అంది. నిలబడ్డాను. "కట్టుకో."

"ఏమి కట్టుకోవాలి?"

"చీర. నీ ప్యాంటు మీదే కట్టుకో. కొంగు ఎట్ల పడతాది, ఎవరికి కనపడతాది, తెలియకుండా సుమ్నే ముడులు వేస్తే అది కెలసం కాదు, పనే కాదు."

ఆమే కుచ్చిళ్ళు పోసి దోపింది, కొంగు నా భుజం మీద వేసింది. ఆ సమయానికి చీరలు తీసుకోవడానికి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు మెట్ల మీద నిలబడి నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. నా చెవులు కాలిపోయాయి. నంజమ్మత్త నన్ను గది ముందు వసారాలో అటు చివరి నుంచి ఇటు చివరికి నడిపించింది. కొంగు వెనక ఊగుతుంటే, కుచ్చుల వెనక ముఖం లోకానికంతా కనిపిస్తుంటే, అప్పుడు అర్థమైంది నాకు. ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగింది. "నవ్వండి, పర్వాగిల్ల. మీరు చీర కట్టేది నేర్చేదానికి ఎన్ని దినాలైంది? ఈ యప్ప ఒక్క దినంలో నేరుస్తా ఉండాడు" అంది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. అందులో ఒకామె వచ్చే వారం తన పని మధ్యలో ఆపి, మూల కుచ్చు ఎలా తిప్పాలో నాకు చూపించింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క చీర కూడా తిరగేసి కట్టలేదు నేను.

ఇంట్లో నా రోజు భారతి చుట్టూ తిరిగేది. పొద్దున పక్కకు తిప్పి ఒళ్ళు తుడవడం, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు కాళ్ళూ చేతులూ మడిచి చాపడం, వేళ్ళ బలానికి ఆమె ఇచ్చిన రబ్బరు బంతిని పిడికిట్లో పెట్టి నొక్కించడం, ముద్దలు కలిపి నోట్లో పెట్టడం. కుచ్చుల పుణ్యమా అని శ్రావణికి జడ వెయ్యడం కూడా వచ్చింది. మొదట్లో అది స్కూలు గేటు దాకా వెళ్ళి జడ విప్పుకునేదట. తర్వాత విప్పుకోవడం మానేసింది. సంక్రాంతి దాటేసరికి భారతి గోడ పట్టుకుని నిలబడగలిగింది, మోచేతులు వంగాయి. వేళ్ళు మాత్రం పిండిబొమ్మకు అతికించినట్టు ఉండేవి. భారతి వాటిని చూసుకుంటూ కూర్చునేది. మా ఇంటి అన్నంలో సగం సంపాదించిన వేళ్ళు అవే, అవి కదలకపోతే తను ఎవరో తనకే తెలియనట్టు ఉండేది. నాకు ఆ చూపు భరించడం కష్టంగా ఉండేది.

ఆ చలికాలంలో నంజమ్మత్త మూడు బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. సంచి నిండా అనపకాయలు. గింజలు నానబెట్టించి భారతి ముందు గిన్నెతో పెట్టి, "పితుకమ్మా. ఒక్కొక్క గింజ. తోలు ఊడి పప్పు బయటికి రావాల. మందుల మూటకన్నా ఇది మేలు" అంది. భారతి వేళ్ళ మధ్య గింజ జారిపోయేది, మళ్ళీ పట్టుకునేది. నేను వెలుతురు కోసం గుమ్మంలో కూర్చుని కుచ్చులు కడుతున్నాను. సరిగ్గా అప్పుడే మా అన్న బ్యాగు తగిలించుకుని వీధిలోకి తిరిగాడు. నన్ను చూసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "ఏందిరా ఇది. వాకిట్లో కూచోని ఆడోళ్ళ మాదిరి కుచ్చులు కడతాండావా? లోపలన్నా కూచోరాదా? మన ఇండ్లల్లో ఎవరన్నా చేసిన పనేనా ఇది? మానం పోతాది" అన్నాడు.

నేను చేతిలోని ముడి బిగించాను. నా నోరు ఎప్పుడూ ఆలస్యంగానే తెరుచుకుంటుంది. లోపలి నుంచి నంజమ్మత్త వచ్చింది.

"ఈ యప్ప నీకు అన్ననా? రా అప్పా, కూచో. మా తాత మగ్గం మీద చీరలు నేసినాడు, మా నాయన నేసినాడు. ఊర్లో ఒక్కరూ వచ్చి ఆడోళ్ళ చీర యాల నేస్తావని అడగలేదు. ఆరు గజాలు నేసినప్పుడు పోని మానం, కొసన రెండు ముడులు వేస్తే పోతాదా?"

ఆమె అనపగింజలు గుప్పెడు తీసి ఆయన చేతిలో పోసింది. "చేతులు సుమ్నే ఖాళీగా ఉండాయి కదా. పితుకు. భారతి ఎంత బేగ పితుకుతాదో, నువ్వు ఎంత బేగ పితుకుతావో చూస్తాము" అంది. రాయచోటిలో పదిమందికి పెద్దమనిషిగా ఉన్న మా అన్న మా గుమ్మంలో కూర్చుని అనపగింజలు పితికాడు. పితికిపప్పు కూర తిన్నాడు. బస్సెక్కేముందు మాత్రం ఒక మాట తేల్చి వెళ్ళాడు. "ఉగాది దాకా చూస్తా. ఉగాది రోజు నీ పెండ్లాం తన చేత్తో తిన్నట్టు నాకు చూపించు. లేదంటే నేనే బండి మాట్లాడుకోనొచ్చి వాళ్ళమ్మ కాడికి తీసుకోని పోతా. నువ్వు ఒక్కడివే ఎంత కాలం లాగుతావురా" అన్నాడు. కోపంగా అనలేదు, నా మీద జాలితో అన్నాడు. అదే నాకు ఎక్కువ మండింది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఉగాదికి రెండు నెలలుందనగా భారతి కుచ్చులు కట్టడం మొదలుపెట్టింది. రోజుకు రెండో మూడో, నేను కట్టే చీరకే ఒక చివర. ఒక్కోదానికి చెమటలు పట్టేవి. మెడ వదులుగా, ముడి పక్కకు ఒరిగి ఉండేది. నేను బాగుందనేవాణ్ణి. మధ్యాహ్నం ఆమె నిద్రపోగానే చప్పుడు లేకుండా వాటిని విప్పి, మళ్ళీ నేనే చక్కగా కట్టేవాణ్ణి. దుకాణం వాళ్ళు ఒప్పుకోరు, ఆమె మనసు నొచ్చుకోకూడదు, రెండూ కలిసి వచ్చేలా మంచి ఉపాయం చేశాననుకున్నాను. మూడు చీరలు అలా వెళ్ళాయి. ఆ రోజుల్లోనే భారతి అనపగింజలు పితకడం మానేసింది. రబ్బరు బంతి మంచం కిందికి దొర్లిపోతే అక్కడే వదిలేసింది. అలసట అనుకున్నాను.

నాలుగో చీర విప్పి చూసి నంజమ్మత్త అడిగింది: "భారతి కట్టిన కుచ్చులు యాడ?"

"ఇవే అత్తా, ఈ చివర."

"ఇవి నువ్వు కట్టినవి. మెడ చుట్టు ఎడమ నుంచి తిప్పుతావు నువ్వు. ఆ యమ్మ కుడి నుంచి తిప్పుతాది. పన్నెండేండ్లుగా చూస్తా ఉండాను." ఆమె చీర పక్కన పెట్టింది. "విప్పేస్తివా?"

చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత తన భర్త సంగతి చెప్పింది. అంతకు ముందు ఎప్పుడూ ఆయన మాట ఎత్తలేదు. ఆయనకు పక్షవాతం వస్తే తొమ్మిదేళ్ళు చూసుకుందట. "చెంచా ఎత్తబోతే చేతిలో నుంచి తీసుకుని నేనే తినిపిస్తిని. చొక్కా గుండీ పెట్టుకోబోతే నేనే పెడితిని. నాకు బేగ అవుతాది కదా. పేటంతా నన్ను పొగిడినారప్పా, నంజమ్మ మాదిరి చూసుకునే పెండ్లాం యాడ ఉండాదని. అంత బాగా చూసుకుంటిని, ఆయన చెయ్యి ఎత్తేది మరిచిపోయినాడు. జబ్బు సగమే ఎత్తుకుని పోయింది. మిగిలిన సగం నేను ఎత్తుకుంటిని."

నేను సంచి అందుకుని లేచాను.

"పోయి ఆ యమ్మకు చెప్పు. చెప్పేదాకా ఇక్కడికి రావద్దు" అంది.

ఆ రోజు బస్సులో సీటు ఉన్నా కూర్చోలేదు. ఇంటికి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. భారతి కళ్ళు తిప్పకుండా విన్నది. "నాకు తెలుసు" అంది. "మొదటి చీరప్పుడే తెలుసు. నిద్రపోలేదు నేను. కండ్లు మూసుకోని ఉంటి. నువ్వు విప్పేది వింటాంటి." మంచం కిందికి చూసింది. "విప్పేదానికే అయితే కట్టేదెందుకని, బంతి కూడా వదిలేస్తి."

ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను. పదకొండేళ్ళు ఇనుము కోసిన చేతులతో ఎవరికీ గాయం చెయ్యలేదనుకున్నవాణ్ణి, మెత్తని దారంతో చేశాను. మంచం కింద నుంచి బంతి తీసి తుడిచి ఆమె ఒళ్ళో పెట్టాను. దాన్ని ఆమె వెంటనే పట్టుకోలేదు. మర్నాడు పొద్దున చూస్తే పిడికిట్లో ఉంది.

మరుసటి వారం నంజమ్మత్త తన చిలకపచ్చ పట్టుచీర పంపింది. తన పెళ్ళినాటిది. ఎండాకాలంలో మనవరాలి పెళ్ళి, దానికి కట్టుకుంటానని, కుచ్చులు భారతి ఒక్కతే కట్టాలని కబురు. 'ఆ యప్ప ముట్టుకుంటే నాకు తెలుస్తాది' అని చివర్న ఒక మాట. భారతి ఆ చీరను ఒళ్ళో వేసుకుని చాలాసేపు నిమిరింది. రోజుకు ఒకటి, బాగున్న రోజు రెండు. నేను ఆవిరి గిన్నె దగ్గర, ఆమె కిటికీ దగ్గర. నా చేతులు ఊరుకునేవి కావు. సూదిలో దారం పోక ఆమె పదిసార్లు ప్రయత్నిస్తుంటే నేను లేచి పెరట్లోకి పోయి ఉతికిన గుడ్డలే మళ్ళీ ఉతికేవాణ్ణి.

ఉగాది వచ్చింది. పొద్దున్నే వేపపూవు పచ్చడి, అన్నం, పప్పు ఆకులో వడ్డించి, శ్రావణి ఫోన్లో వీడియో పెట్టి పెదనాన్నా అంటూ మా అన్నను పిలిచింది. భారతి అన్నం కలిపింది. ముద్ద చెయ్యబోతే వేళ్ళ సందుల్లోంచి జారింది. రెండోసారి నోటి దాకా వెళ్ళి సగం చీర మీద పడింది. మిగిలిన సగం తినింది. అన్న ఫోన్లోంచి చూస్తున్నాడు. "అన్నం పడతాంది తుడవరా" అన్నాడు నాతో. నేను కదల్లేదు. "పడనీలే బావా. నా అన్నమే కదా" అంది భారతి, ఇంకో ముద్ద కలుపుతూ. ఆ తర్వాత బండి మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

అయినా నా బుద్ధి పూర్తిగా మారలేదు. చీర ఇవ్వడానికి ముందు రోజు, సరిగ్గా మధ్యలో ఉన్న కుచ్చు ఒకటి మరీ వంకరగా ఉందనిపించింది. పెళ్ళిలో అందరి కళ్ళూ అక్కడే పడతాయి కదా, ఒక్కటే కదా అని భారతి స్నానానికి వెళ్ళినప్పుడు విప్పి కట్టేశాను. ఈసారి తెలివిగా మెడ కుడి నుంచి తిప్పాను. నగర్తపేట గదిలో నంజమ్మత్త చీరను కిటికీ వెలుతురుకు పట్టి, ఒక్కొక్క కుచ్చునూ వేలితో మీటుతూ పోయింది. మధ్యదాని దగ్గర ఆగింది. కత్తెర తీసి ఆ ఒక్కదాన్ని మెడ దగ్గర కత్తిరించి నా చేతిలో పెట్టింది. నేను కట్టిన వాటిలో అంత చక్కని కుచ్చు ఇంకొకటి లేదు.

"ఆ జాగాలో ఇంకొకటి కట్టించేదానికి దినాలుండాయి కదా అత్తా" అన్నాను.

"ఉండాయి. కట్టించను" అంది.

పెళ్ళికి మమ్మల్ని పిలిచింది. భారతి నా భుజం పట్టుకుని నడుస్తూ వచ్చింది. నంజమ్మత్త ఆ చీర కట్టుకుని, కొంగు దాచుకోకుండా, అందరికీ కనిపించేలా వెనక్కి వేసుకుని పెళ్ళిపందిట్లో తిరిగింది. పేటలో అందరికీ కుచ్చులు కట్టించే మనిషి ఒంటి మీద అలాంటి కుచ్చులు. ఆమెకు చీరలిచ్చే దుకాణం యజమాని భార్య ఉండబట్టలేక అడిగింది, "ఎవరు కట్టినారమ్మా ఇంత సొట్టగా?" అని. నంజమ్మత్త చెయ్యి చాచి భారతిని పక్కకు లాక్కుంది. "ఈ యమ్మ. వేళ్ళకు ఇంకా బలం రాని దినాల్లో కట్టింది. నీ దగ్గర ఉండే చీరల్లో ఇట్లాటిది ఒకటి ఉండాదా?" అంది. ఆవిడ నవ్వేసింది. భారతి తల దించుకోలేదు. జబ్బు పడ్డాక నలుగురిలో ఆమె తల ఎత్తి నిలబడడం నేను చూసింది ఆ రోజే.

పోయిన ఏడాది శ్రావణమాసంలో నంజమ్మత్త పోయింది. నిద్రలోనే పోయిందన్నారు. పదకొండో రోజు దాటాక ఆమె కోడలు ఆ చీరను పాత తువ్వాలులో చుట్టి మా ఇంటికి తెచ్చింది. "భారతికి ఇయ్యమని చెప్పిండాది. ఆ యప్పను ముట్టుకోనియ్యొద్దని కూడా చెప్పిండాది" అంది. ముగ్గురం నవ్వాం, తర్వాత నవ్వలేకపోయాం. ఇప్పుడు భారతి నాకన్నా వేగంగా కడుతుంది. నగర్తపేట చీరలు పంచేది, చూసేది ఇప్పుడు తనే. అనుకుంటే ఆ పచ్చచీర కుచ్చులన్నీ ఒక్క పూటలో విప్పి ముత్యాల్లా కట్టగలదు. సంవత్సరానికి రెండుసార్లు తీసి గాలికి ఆరేస్తుంది, మళ్ళీ మడిచి పెడుతుంది.

నిన్న బ్రూక్‌ఫీల్డ్ ఆవిడ వెళ్ళిపోయాక శ్రావణి సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది. కాలేజీకి సెలవులని పని నేర్చుకుంటానంది. దారం చిక్కుపడింది. లాగింది, ఇంకా చిక్కుపడింది. నా చేతులు నాకు చెప్పకుండానే లేచాయి. వాటిని వెనక్కి కట్టుకుని, తాడు మీది చీర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వరసలో ఉన్న వంకర కుచ్చులన్నీ భారతివి. అందులో ఒక్క ముడిని సరిచేస్తానన్నవాళ్ళకు మా గుమ్మం చూపిస్తాను. మధ్యలో ఉన్న ఆ ఖాళీ నాది. దాన్ని పూడ్చేది లేదు.